ఇంటిల్లిపాదికీ ప్రాజెక్టు మేనేజ్‌మెంటు ఎందుకు?

ఆరోగ్య పత్రికలో ఈ ప్రాజెక్టు మేనేజ్‌మెంటు గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. అది సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసే మన పిల్లల మాట, కాకపోతే ఆనకట్టలు కట్టే ఇంజనీర్ల మాట అని నేను కూడా చాలాకాలం అనుకున్నాను. మా వదినగారి ఆపరేషను రెండుసార్లు వాయిదా పడిన తరువాత నా అభిప్రాయం మారింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా వదినకు గర్భసంచిలో గడ్డలు. నెలనెలా రక్తస్రావం విపరీతంగా అయ్యేది. రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంది. చివరికి స్కానింగు, ముక్క పరీక్ష చేయించాము. క్యాన్సరు లక్షణాలేమీ లేవుగాని గర్భసంచి తీసివేయడం మంచిదని డాక్టరమ్మగారు చెప్పి తేదీ ఇచ్చారు. ఆ రోజుకి అందరూ సంచులు సర్దుకొని వచ్చారు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.6 వుంది. "ఇంత తక్కువ రక్తంతో మత్తు ఇవ్వలేమమ్మా. ఐరన్ మాత్రలు వాడి రండి" అని పంపించేశారు.

మూడు వారాలు వాడి మానేసింది. కారణం అడిగితే మలం నల్లగా వస్తోందని భయపడిందట! ఐరన్ మాత్రలు వేసుకునేవారికి అలా రావడం మామూలే, ప్రమాదమేమీ లేదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ "ఎవరూ"లో నేను కూడా వున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా వార్డులో సిస్టరుగా పని చేస్తూ ప్రతి గర్భిణీకి చెప్పే మాట మా ఇంట్లో చెప్పలేదు. ఆడపడుచు ఆసుపత్రిలో వుంది కదా, ఆమె చూసుకుంటుందని వాళ్ళు అనుకున్నారు. డాక్టరమ్మగారు రాసిచ్చారు కదా, వాళ్ళు చూసుకుంటారని నేను అనుకున్నాను.

రెండవ తేదీకి హిమోగ్లోబిన్ 8.4 మాత్రమే వుంది. రక్తం ఎక్కించి ఆపరేషను చేద్దాము, దాతలను తీసుకొని రండి అన్నారు. మా అన్నయ్య అప్పటికప్పుడు ఊళ్ళోంచి ఇద్దరు కుర్రవాళ్ళను ఆటోలో ఎక్కించుకొని వచ్చాడు. ఒక అబ్బాయి కాలేజీ శిబిరంలో రక్తమిచ్చి రెండు నెలలైనా కాలేదు. ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇవ్వడానికి మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు గడువు వుండాలి. రెండవ అబ్బాయి పొద్దుటినుండి ఏమీ తినకుండా వచ్చి, కళ్ళు తిరుగుతున్నాయని బల్ల మీద కూర్చున్నాడు. సరే, వీరిద్దరూ ఇచ్చినా ఆ రక్తం వెంటనే పనికిరాదు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసి, రోగి రక్తంతో సరిపోతుందో లేదో చూసిన తరువాతే ఎక్కిస్తారు. ఈలోగా ఆరోగ్య పథకం కార్డు ఏదండీ అని కౌంటరులో అడిగారు. "పెద్దోడు తెస్తాడనుకున్నానండి" అన్నాడు అన్నయ్య. పెద్దోడికి ఫోను చేస్తే "నాన్న దగ్గరే వుందనుకున్నాను అత్తా" అన్నాడు. తేదీ మళ్ళీ వాయిదా.

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఏమిటంటే, ఆ పెద్దోడు హైదరాబాదులో ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఎవరు ఏ పని ఏ రోజుకి పూర్తి చేయాలో, ఏ పని ఆగితే ఏ పని ఆగుతుందో రోజూ కంప్యూటరులో చూసుకొనే ఉద్యోగం వాడిది. ఆ విద్య అంతా ఆఫీసు గేటు దగ్గర వదిలేసి ఇంటికి వస్తున్నాడన్నమాట. తప్పు వాడొక్కడిదే కాదు. ఆ విద్య ఇంటికి కూడా పనికివస్తుందని మనలో ఎవరికీ తట్టలేదు.

నిజానికి మనవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. పెళ్ళి కుదిరిందంటే షామియానా ఎవరు చూడాలి, వంటవాళ్ళకు సరుకుల లిస్టు ఎవరు ఇవ్వాలి, బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, మగపెళ్ళివారి విడిదిలో నీళ్ళు ఎవరు పట్టించాలి, అన్నీ పేర్లతో సహా తేలిపోతాయి. శుభలేఖలు అచ్చుకాకముందే పంచలేమని ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంత తెలిసినవాళ్ళం జబ్బు దగ్గరికి వచ్చేసరికి చేతులు ముడుచుకొని కూర్చుంటాము. ఎందుకని? జబ్బు గూర్చి ముందుగా మాట్లాడుకోవడం అశుభమన్న భయం ఒకటి. డాక్టర్లే అన్నీ చూసుకుంటారన్న ధీమా మరొకటి. ఆపరేషను గదిలో జరిగేది డాక్టర్లు చూసుకుంటారు, నిజమే. ఆ గది గుమ్మందాకా రోగిని సిద్ధం చేసి తీసుకురావడంలో సగం పని ఇంటిది.

రెండవ వాయిదా తరువాత ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, "అత్తా, ఆపరేషను జరగాలంటే ఏమేమి వుండాలో నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాడు. నేను చెప్పాను. హిమోగ్లోబిన్ పెరగాలి. ఇ.సి.జి. తీయించి, గుండె పరీక్ష చేయించి, మత్తు డాక్టరుగారికి చూపించాలి. ఇద్దరు దాతలు కావాలి. కార్డు, ఆధారు జిరాక్సులు, పథకం అనుమతి కావాలి. దగ్గర వుండడానికి ఒక ఆడమనిషి కావాలి. ప్రతిదాని పక్కన ఎన్ని రోజులు పడుతుందో రాశాడు. కార్డు పని వారం. గుండె పరీక్ష రెండు రోజులు. దాతలను మాట్లాడుకోవడం నాలుగు రోజులు. హిమోగ్లోబిన్‌కు మాత్రం ఎనిమిది, తొమ్మిది వారాలు.

"ఇదే మన దారి. మిగతావన్నీ దీని పక్కన నడుస్తాయి. ఇది ఒకరోజు ఆలస్యమైతే ఆపరేషను ఒకరోజు ఆలస్యమవుతుంది. మిగతావి కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు" అని దాని కింద ఎర్రగీత గీశాడు.

వాళ్ళ భాషలో దానిని క్రిటికల్ పాత్ అంటారట. 1950ల చివరలో అమెరికాలో డుపాంట్ అనే రసాయనాల కంపెనీ తన ఫ్యాక్టరీల నిర్మాణం, మరమ్మతుల పనులు సకాలంలో పూర్తి చేసుకోవడానికి ఈ లెక్కను తయారు చేయించుకుంది. దాదాపు అదే కాలంలో, 1958లో, ఆ దేశపు నౌకాదళం పొలారిస్ క్షిపణుల పని కోసం ఇటువంటిదే మరొక పద్ధతిని పెట్టుకుంది. క్షిపణికి పనికివచ్చిన లెక్క మా వదిన మాత్రలకు పనికివచ్చింది. ఇన్నాళ్ళూ మేము చేసిన పొరపాటు కూడా అక్కడే తెలిసింది. అందరం కార్డు కోసం, దాతల కోసం పరుగులు పెట్టాము. అవి పైకి కనిపించే పనులు. అసలు తేదీని నిర్ణయించేది రోజూ వేసుకొనే ఐరన్ మాత్ర. దానిని ఎవరూ పట్టించుకోలేదు. షుగరు వున్నవారికి కూడా ఇంతే. మూడు నెలల సగటు చూపే హెచ్.బి.ఏ1సి. పరీక్షలో షుగరు ఎక్కువగా వుంటే, ఆపరేషనుకు ముందు వారం రోజులు అన్నం మానేసినంత మాత్రాన అది దిగిరాదు.

ఇలా కాగితమంతా నింపి, మేమిద్దరం చాలా గొప్ప పని చేశామనుకొని వదినను పిలిచి చూపించాము. చదివింది. "అన్నీ రాశారుగాని గేదె సంగతి ఎక్కడా రాయలేదేం?" అన్నది.

గేదె ఏమిటి వదినా అన్నాను. అప్పుడు చెప్పింది. ఆపరేషను తరువాత నెలన్నర బరువులెత్తకూడదన్నారు. గేదె పాలు వదిన తప్ప వేరెవరు పితికినా ఇవ్వదు. పాల డబ్బుతోనే చీటీ కడుతోంది. మాత్రలు మానేయడానికి నల్లని మలం ఒక్కటే కారణం కాదు. ఆపరేషను కాస్త వెనక్కి పోతే బాగుండునని మనసులో వున్నదట. ఇన్ని నెలల్లో ఎవరమూ ఆ మాట అడగలేదు. చూడండి, పని ఆమె ఒంటి మీద, కాగితం మా చేతిలో!

అయితే దారి కూడా ఆమే చెప్పింది. గేదె చూడిది. సంక్రాంతికి ఈనుతుంది. దానికి రెండు నెలల ముందు పాలు తీయడం మానేస్తారు. కాబట్టి నవంబరు రెండవ వారంలో ఆపరేషను పెట్టుకుంటే, డిసెంబరు ఆఖరుకి నెలన్నర గడుస్తుంది, గేదె ఈనేసరికి తాను లేచి తిరుగుతుంది. అప్పటికి సెప్టెంబరు మొదటి వారం. మాత్రలకు కావలసిన తొమ్మిది వారాలు సరిగ్గా సరిపోయాయి! అంతకాలం ఆగవచ్చా అని డాక్టరమ్మగారిని అడిగాము. మందులతో రక్తస్రావం అదుపులో వుంటే ఆగవచ్చు, ఎక్కువైతే మాత్రం వెంటనే రావాలి అన్నారు. (ఇది మా వదిన విషయంలో చెప్పిన మాట. ఎవరికివారు తమ డాక్టరుగారిని అడగకుండా ఆపరేషనులు వాయిదా వేసుకోవద్దని మనవి.)

ప్రతి పనికి ఒకరి పేరు రాసుకున్నాము. ఒకే పేరు. మాత్ర వేసుకున్నదా లేదా అని రాత్రి ఫోను చేసి అడగడం మేనకోడలి పని. టీతో, పాలతో కలిపి వేసుకోవద్దని, మలం నల్లగా వస్తే భయపడవద్దని చెప్పడం నా పని. కార్డు పని పెద్దోడిది. దాతల పని అన్నయ్యది. ఇద్దరు కావాలంటే నలుగురిని మాట్లాడమన్నాడు మేనల్లుడు. నలుగురెందుకురా అని అన్నయ్య విసుక్కున్నాడు గాని, చివరికి ఆ నలుగురిలో ఒకరికి జ్వరం వచ్చింది, మరొకరి హిమోగ్లోబిన్ దాతకు వుండవలసిన 12.5 కంటె తక్కువ వచ్చింది. నెలకొకసారి రక్తపరీక్ష చేయించి ఆ అంకె కాగితం మీద వేశాము. మొదటి నెలకు 9.3. ఆపరేషను వారానికి 10.8. రక్తం సిద్ధంగా వుంచారుగాని, దేవుని దయవలన ఎక్కించే అవసరం రాలేదు.

ఇదంతా మేనల్లుడి కంపెనీ విద్య అని నేను అంటే, మా నర్సింగు స్కూలులో చదువుకున్న సంగతి గుర్తుకు వచ్చి నాకే సిగ్గేసింది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నోట్స్ ఆన్ నర్సింగ్ పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఈ విషయమే. నర్సు తాను దగ్గర వున్నప్పుడు ఎంత బాగా చేసినా చాలదు, తాను లేనప్పుడు కూడా ఆ పని జరిగేటట్లు ఏర్పాటు చేయగలగాలి అన్నది అందులోని సారాంశం. పరీక్షకు చదివి వదిలేశాము.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకువెళ్ళగలదో మన తరం కళ్ళారా చూసింది. పల్స్ పోలియో మన దేశంలో 1995లో మొదలైంది. ఐసు పెట్టెలు భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగినవారిలో నేను కూడా వున్నాను. ఏ వీధిలో ఏ జట్టు, ఏ ఇంటి నుండి ఏ ఇంటిదాకా, ఐసు ఎక్కడినుండి ఎన్నింటికి వస్తుంది, సాయంత్రం లెక్క ఎవరికి ఇవ్వాలి, అన్నీ ముందే కాగితం మీద వుండేవి. చుక్కలు వేయించుకున్న బిడ్డ ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు. పిల్లలందరికీ వేసిన ఇంటి గోడ మీద సుద్దతో పి అక్షరం, ఒక్క బిడ్డ మిగిలినా ఎక్స్ గుర్తు. ఎక్స్ వున్న ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. ఇటుక బట్టీలను, వలస కూలీల గుడారాలను వెదికి పట్టుకొనేవాళ్ళం. హౌరా జిల్లాలో 2011 జనవరి 13న జబ్బు మొదలైన పాప మన దేశంలో సహజ పోలియో వైరస్‌కు ఆఖరి రోగి. 2014 మార్చి 27న మన దేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. చుక్కల మందు అంతకుముందు కూడా వుంది. దానిని ప్రతి బిడ్డ నోటిదాకా చేర్చిన ఆ సుద్దముక్క లెక్కకు కూడా సగం గౌరవం ఇవ్వాలని నా అభిప్రాయం.

అలాగని కాగితం వుంటే చాలుననుకోవడం కూడా పొరపాటు. ఆపరేషను గదిలో వాడవలసిన 19 అంశాల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసింది. రోగి పేరేమిటి, ఏ వైపు ఆపరేషను, మందులు పడకపోవడం ఏమైనా వుందా, చివరికి గుడ్డలు, సూదులు లెక్క సరిపోయాయా, ఇటువంటివి. గదిలో వున్నవారంతా తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది కూడా అందులో ఒకటి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో పరీక్షించి చూస్తే మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి, పెద్ద ఇబ్బందులు నూటికి 11 నుండి 7కి తగ్గాయని 2009లో ప్రకటించారు. మరి కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో నూట ఒక్క ఆసుపత్రులలో దానిని అమలులో పెట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదని 2014లో మరొక పరిశోధన వచ్చింది. టిక్కులు పెట్టడం వేరు, ఆగి ఒకరినొకరు అడగడం వేరు అని నేను అర్థం చేసుకున్నాను. మా మొదటి కాగితం కూడా గేదె మాట అడగకపోతే అలాంటిదే అయ్యేది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రాజెక్టు అంటే మొదలు, చివర వున్న పని. షుగరు, బి.పి. అలాంటివి కావు. అవి సంసారం వంటివి, రోజూ చేసుకుపోవలసిందే. "మూడు నెలలు గట్టిగా పత్యం చేసి షుగరు సంగతి తేల్చేస్తాను" అని వచ్చేవారిని చూస్తే నాకు భయమేస్తుంది. నాలుగవ నెలలో వారే కాలిపుండుతో వస్తారు. క్షయ వైద్యం మాత్రం సరిగ్గా ప్రాజెక్టే. మామూలు క్షయకు ఆరు నెలలు. రెండవ నెలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒంటికి బలం వస్తుంది. మందు మానేసేది అక్కడే. ఆ రోజు వస్తుందని ముందే తెలుసు గనుక దానికి ఏర్పాటు కూడా ముందే వుండాలి. పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళేవారు వెళ్ళేముందు ఇక్కడ చెప్పి, తమ నిక్షయ్ నంబరు తీసుకొని వెళితే అక్కడ మందులు ఇస్తారు. వెళ్ళిపోయి, మందులైపోయాక ఫోను చేసేవారే ఎక్కువ.

ప్రసవం కూడా అంతే. తల్లులు చనిపోవడానికి దారితీసే ఆలస్యాలు మూడు అని 1994 నుండి వైద్య పుస్తకాలు చెబుతున్నాయి: వెళదామని నిశ్చయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మూడవది మా పూచీ, దానిలో మమ్మల్ని నిలదీయండి. మొదటి రెండూ తొమ్మిదవ నెల రాకముందే ఇంట్లో కూర్చొని తేల్చుకోవలసినవి. అర్ధరాత్రి నొప్పులు వస్తే 108కి ఎవరు ఫోను చేస్తారు, అది రావడం ఆలస్యమైతే ఎవరి ఆటో, పెద్దపిల్లను ఎవరి ఇంట్లో పడుకోబెట్టాలి, ఇంట్లో మగవారు లేకపోతే వెళదామనే మాట చెప్పే అధికారం ఎవరిది. ఈ చివరి ప్రశ్న అత్తగారి ముందు అడగడానికి కోడళ్ళు జంకుతారు. అందుకే అత్తగార్లే ముందు అడగాలని నా మనవి.

ఇక పిల్లల సంగతి. ఈ విద్య నేర్చుకుంటే ఉద్యోగాలున్నాయా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వున్నాయి. కంపెనీలలోనే కాదు, ఆసుపత్రులకు, స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇటువంటివారు కావాలి. ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా మన ఐ.ఐ.టి. అధ్యాపకులు చెప్పే పాఠాలను ఉచితంగా వినవచ్చు, పరీక్షకు కూర్చుంటేనే ఫీజు. పి.ఎం.పి. అనే పెద్ద సర్టిఫికెట్టుకు కొన్నేళ్ళ అనుభవం కావాలి కాబట్టి డిగ్రీ చదువుతున్న పిల్లలు దానికోసం అప్పులు చేసి కోచింగులకు పరుగెత్తనక్కరలేదు. ముందు నాన్నమ్మ కంటి ఆపరేషను పని మొత్తం ఒక్కసారి వాళ్ళకు అప్పగించి చూడండి. డ్వాక్రా సంఘాలలో పుస్తకాలు రాసే అమ్మలకు ఇందులో సగం ఇప్పటికే వచ్చు. వారికి ఆ పేరు తెలియదు, అంతే.

మా వదిన కాగితం ఇంకా వంటింటి తలుపు వెనుక మేకుకు వేలాడుతూనే వుంది. సంక్రాంతి తరువాత నాలుగు రోజులకు గేదె ఈనింది, దూడ పెయ్య. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, ఆ కాగితం కింద ఖాళీలో వదిన చేతిరాతతో కొత్త వరుస మొదలైంది. "మీ అన్నయ్య కంటి శుక్లం" అని, పక్కన షుగరు పరీక్ష, మేనకోడలి పేరు. అన్నయ్యకు ఇంకా చూపించలేదట. "ముందు ఆయన్ని అడగాలిగా అమ్మాయ్" అన్నది.